రోడ్డవతలి బోర్డు

నేను చాలా సరిహద్దులు దాటాను. కొన్నిచోట్ల తుపాకులు, కొన్నిచోట్ల ముద్ర వేసే గుమాస్తా ఆవులింతలు, ఒకచోటైతే లంఘించి దాటేసే పిల్లకాలువ. కెల్బీ, ఓక్‌మండ్ అనే రెండూళ్ళ నడుమ ఉన్నటువంటిది మాత్రం మరెక్కడా చూడలేదు. అది పాత పన్నెండో నంబరు హైవే మధ్యగీత. ఎండాకాలంలో దాని సంగతి ఎవరికీ పట్టదు. మంచు పడితే చాలు, కెల్బీ వారి మంచు తోసే బండి తన సగం తోసుకుపోతుంది, ఓక్‌మండ్ వారిది తన సగం. ఎవరి మంచు ఎవరి వైపు పడిందన్న తగాదా ఏప్రిల్ దాకా కరగదు.

తూర్పు పక్కన, కెల్బీలో, లార్క్ మోటెల్ ఉంది. పన్నెండు గదులు. తొమ్మిదో గదిలో నేను ఆరు చలికాలాలు గడిపాను. యజమానురాలు ఆర్డిస్ హల్వర్సన్‌కి అప్పటికి డెబ్బై రెండేళ్ళు. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు బోర్డు గురించి చెప్పాలి.

మోటెల్ కట్టింది ఆవిడ తండ్రి. తర్వాత రోడ్డు వెడల్పు చేసినవారు ఆ జాగాని నిలువునా చీల్చుకుంటూ పోయారు. గదులు ఇటు మిగిలాయి, బోర్డు స్తంభం అటు మిగిలింది. రెండూళ్ళూ పెరిగి పెరిగి రోడ్డు మధ్యన ఒకదానికొకటి తగులుకున్నాయి. బోర్డు చుట్టూ లైల్ కుబిట్స్ అనే అతను కార్ల సైలెన్సర్లు బాగుచేసే షెడ్డు వేసుకున్నాడు. మోటెల్ ఒక ఊళ్ళో, దాని బోర్డు ఇంకో ఊళ్ళో ఉందన్న సంగతి అందరికీ తెలుసు. తెలిసింది గనకే ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

బోర్డు మీద అక్షరాలు మార్చవచ్చు. అందుకు కొసన రబ్బరు గిన్నె అమర్చిన పొడుగాటి కర్ర ఉంటుంది. గిన్నెకి అక్షరం అంటించి, పైకెత్తి, గాడిలోకి జార్చాలి. ఆర్డిస్ రోజూ పదింటికి ఆ కర్ర భుజాన వేసుకుని నాలుగు వరసల రోడ్డు దాటేది. దూరం నుంచి చూస్తే యుద్ధం ముగిసిన సంగతి ఎవరూ చెప్పని భటుడిలా ఉండేది. పై వరస వ్యాపారానికి: గదులున్నాయి, వేడి ఉంది. కింది వరస తనది. "తూర్పున మంచు, నెమ్మదిగా వెళ్ళండి." "నా టమాటాలు ఈ ఏడు పండలేదు. మీవో?"

"ఎవరితో మాట్లాడుతున్నావే ముసలమ్మా, కార్లతోనా?" అనేవాడు షెడ్డులోంచి లైల్.

"నీతో మాట్లాడ్డం కంటే నయం. అవి ఆగి సమాధానం చెప్పవు."

ఒక సమాధానం మాత్రం వచ్చేది. పదకొండేళ్ళ కిందట, భర్త పోయిన ఏడాది, ఆవిడ "ఇవాళ నా పుట్టినరోజు, హారన్ కొట్టండి" అని పెట్టింది. ఈ దేశంలో రోడ్డు మీద ఇలా అడగడం మామూలే. ఆ రోజంతా మోగించారు. మర్నాటికి అందరూ మరిచిపోయారు, ఒక లారీ తప్ప. వారానికి అయిదు రోజులు, పావు తక్కువ నాలుగుకి, రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఆ సమయానికి ఆర్డిస్ దుప్పట్లు మడతపెట్టే గదిలో ఉండేది. ఆ గది వెనకవైపు. కూత వినగానే చేతులు ఆపేది. అయిపోయాక మళ్ళీ మడతపెట్టేది. ఆ అరనిమిషం చూసినవాడిని గనక చెబుతున్నాను, ఆవిడ రోజంతా దాని కోసమే.

"ఒకసారి ముందుకొచ్చి ఎవరో చూడకూడదా?" అని అడిగాను.

"చూసి ఏం చెయ్యను? పిలిచి కాఫీ పొయ్యాలి. తాగి వెళ్ళిపోతాడు. ఇలాగైతే రోజూ వస్తాడు కదా."

ఇంతలో కొత్త పెద్దరోడ్డు ఊరి వెలుపల నుంచి పోయింది. పాత రోడ్డు బక్కచిక్కింది. టైర్ల కొట్టు మూతపడింది, స్కేటింగ్ హాలు మూతపడింది, రెండు వైపులా కిటికీలకి చెక్కలు కొట్టారు. ఏ దేశంలోనైనా పాత రాజమార్గం చావు ఇలాగే ఉంటుంది, ముందు భోజనశాల పోతుంది, ఆఖరున సారాకొట్టు. రెండు నగరాల వాళ్ళూ తగాదాలు పక్కన పెట్టి ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మాత్రం నేను ఇక్కడే చూశాను. ఒకటే పథకం, రెండు వైపులా ఒకే రకం దీపస్తంభాలు, మధ్యగీత మీద చెట్లు, నడవడానికి దారి. మంచు తోయడానికి ఉమ్మడిగా ఒకటే బండి! మంచి పనే, కాదనను. ఆ పథకంలో ఒక వాక్యం ఉంది: ఆరడుగులు దాటిన బోర్డులన్నీ తీసేయాలి.

కరపత్రం వచ్చింది. రెండు ఊళ్ళ పేర్లూ కలిపి ఒకే ముద్ర. అభ్యంతరాలుంటే మంగళవారం సాయంత్రం ఏడింటికి నగర సభలో చెప్పవచ్చని. కింద రెండు సభల చిరునామాలూ ఉన్నాయి. ఉమ్మడి పథకం కదా, ఏ సభలో చెప్పినా ఒకటేననుకుంది ఆర్డిస్. పుట్టిన దగ్గర్నుంచీ ఏ పనికైనా కెల్బీ సభకే వెళ్ళిన మనిషి, అక్కడికే వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

పేరూ చిరునామా చెప్పి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆర్డిస్ ఏడు వాక్యాలు రాసుకొచ్చి నాలుగే చదివింది. తర్వాత కాగితం మడిచేసి, "పావు తక్కువ నాలుగుకి నాకొకరు హారన్ కొడతారు. ఆ బోర్డు లేకపోతే నేనిక్కడున్నానని వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది. మూడు నిమిషాలు అయ్యాయని ఎర్రదీపం వెలిగినా ఎవరూ ఆవిడని కూర్చోమనలేదు. లార్క్ బోర్డుని పాతకాలపు గుర్తుగా ఉంచాలని సభ్యులందరూ చేతులెత్తారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు కింది వరసలో "ఉండిపోతున్నాం" అని పెట్టింది. ఆ సాయంత్రం పొడుగు కూత మామూలు కంటే పొడుగ్గా వచ్చింది.

గురువారం ఉమ్మడి పథకం చూసే కోరీన్ టాష్ వచ్చింది. మంచి పిల్ల. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఆర్డిస్ గారూ, కెల్బీ సభ మీ మోటెల్‌కి ఓటేసింది. కానీ స్తంభం ఓక్‌మండ్ నేలలో ఉంది."

"ఉంటే? ఇప్పుడంతా ఒకటే అన్నారుగా?"

"పథకం ఒకటే. ఓట్లు రెండు. అదే మంగళవారం, అదే ఏడింటికి అక్కడా సభ జరిగింది. మీ బోర్డు గురించి ఎవరూ లేవలేదు. వాళ్ళు జాబితా మొత్తం తీసేయమని ఓటేశారు. రెండూళ్ళూ సంతకాలు పెట్టేశాయి. ఒక్కటి విప్పితే అన్నీ విప్పాలి. పదిహేనేళ్ళు పట్టింది వీళ్ళని కూర్చోబెట్టడానికి."

ఆర్డిస్ ఆ పిల్లకి కాఫీ పోసింది. వేరే ఏం చేస్తుంది?

లైల్ మధ్యాహ్నం వచ్చాడు. అతను టోపీ చేతిలో పట్టుకుని నిలబడడం నేను చూడ్డం అదే మొదలు.

"నాకూ కాగితం వచ్చింది. బోర్డు నీది కదా, నువ్వు చూసుకుంటావనుకున్నా."

"నేల నీది కదా లైల్."

"నేల గురించి ఎవడికి గుర్తుంది, ముసలమ్మా? నా కళ్ళకది ఎప్పుడూ మీ మోటెలే." కిటికీలోంచి బోర్డు వైపు చూస్తూ అన్నాడు. "ఫోన్ నంబరు పెట్టు. బోర్డు మీద. ఆ లారీవాడు చూస్తాడు."

"పెడితే ఊరంతా చేస్తారు."

"చెయ్యనీ!"

"వాళ్ళందరిలో అతనెవరో నాకెలా తెలుస్తుంది? మాట్లాడితే గుర్తుపట్టలేను. కూతైతేనే."

లైల్ టోపీ పెట్టుకుని రోడ్డు దాటి షెడ్డుకి వెళ్ళిపోయాడు.

స్తంభం తీసేది పై వారం శుక్రవారం అన్నారు. దాని ముందురోజు పొద్దున ఆర్డిస్ చాలాసేపు కర్ర పట్టుకుని బోర్డు కింద నిలబడింది. చివరికి కింది వరసలో "రేపటి నుంచి ఈ బోర్డు ఉండదు. వెళ్ళిరండి" అని పెట్టింది. పై వరసలో గదులున్నాయని అలాగే ఉంచింది. పావు తక్కువ నాలుగుకి రెండు పొట్టి కూతలు వినిపించాయి. మూడోది మొదలై, దూరమై, వంపు తిరిగేదాకా ఆగలేదు. ఆవిడ దుప్పటి రెండు కొసలూ పట్టుకుని అలాగే ఉంది.

శుక్రవారం పనివాళ్ళు జాగ్రత్తగానే తీశారు. అక్షరాల పెట్టె తెచ్చి ఆవిడకే ఇచ్చారు. ఆ సాయంత్రం కూత లేదు.

నెల గడిచాక ఒక సోమవారం నేను బయటి నుంచి వస్తుంటే ఆర్డిస్ రోడ్డు పక్కన, కొత్తగా పరిచిన నడకదారి మీద కనిపించింది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతులు ఖాళీగా. గడియారం పావు తక్కువ నాలుగు దాటింది. లారీలు పోతున్నాయి. డ్రైవర్లు ఎదురుగా రోడ్డునే చూస్తున్నారు. ఎవరూ హారన్ మోగించలేదు. అక్కడ నిలబడ్డ ముసలావిడ ఎవరో వాళ్ళకేం తెలుసు?

నేను దగ్గరికి వెళ్ళాను.

"మూడు వెళ్ళాయి" అంది నా వైపు తిరక్కుండా. "ఒకటి నీలం, రెండు తెల్లవి. ఆ మూడిట్లో ఒకడై ఉండాలి."

"ఎవరో తెలిసిందా?"

"లేదు. మూడింటికీ చెయ్యూపాను."

మధ్యగీత మీద కొత్త మొక్కలకి కట్టిన కర్రలు గాలికి కదులుతున్నాయి. ఆవిడ ఇంకాసేపు నిలబడి, దుప్పట్లున్నాయని లోపలికి వెళ్ళింది.