రెండోసారి గుర్తుచేసే హక్కు

మా వదిన ఒకప్పుడు టైపు నేర్పే టీచరు. శిష్యులెవరైనా ఒక్క అక్షరం తప్పు కొడితే కాగితం లాగేసి, చించి, మళ్ళీ మొదటినుంచీ కొట్టించేది. టైపు మిషన్లు పాత ఇనుము కింద పోయాక అదే గదిలో కంప్యూటరు పెట్టుకుని, పుస్తకాలు ముందేసుకుని, ఎవరి సాయమూ లేకుండా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. అప్పటికి ఆవిడకి నలభై రెండేళ్ళు. "ఈ వయసులో నీకెందుకే ఈ తంటా?" అని మా అన్నయ్య అంటే, "ఈ వయసులో నువ్వు పేకాట మానేశావా?" అంది. 

మాది చిన్న చిన్న దుకాణాల వీధి. లాండ్రీ, చెప్పుల రిపేరు, వాచీల రిపేరు, కళ్ళజోళ్ళు, మధ్యలో నా కుట్టు దుకాణం. మా అందరికీ ఒకటే రోగం: జనం వస్తువు ఇస్తారు, ఇచ్చిన సంగతి మరిచిపోతారు. నా దగ్గర ఒక కోటు రెండేళ్ళు వేలాడింది. ఆ పెద్దమనిషి చివరికి వచ్చేసరికి అందులో ఆయన ఎడమ భుజం మాత్రమే పట్టింది. నేను కుట్టడంలో తప్పు చేశానని నా మీదే ఎగిరాడు.

దీనికి వదిన ఒక ప్రోగ్రాం రాసింది. పని పూర్తయ్యాక ఒక మీట నొక్కితే ఆ మనిషి ఫోనుకి "మీ వస్తువు సిద్ధంగా ఉంది" అని వెళ్తుంది. రాకపోతే మళ్ళీ గుర్తుచేస్తుంది. అంతే. అందులో రాకెట్ విద్య ఏమీ లేదు. కానీ నాలుగు వీధుల్లో ముప్పైకి పైగా దుకాణాలు దాన్నే వాడాయి. మా అన్నయ్య పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, దుకాణాలవాళ్ళు నెలనెలా ఇచ్చే చందాతోనే ఆ ఇల్లు గడిచింది. "నా ప్రోగ్రాంలో తప్పుండదు, తప్పుంటే మనుషుల్లో ఉంటుంది" అని వదిన ధైర్యంగా చెప్పుకునేది. ఆవిడకి ఆడపడుచుని గనక ఆ మాట నేను చాలాసార్లు వినాల్సొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే ప్రతి దుకాణానికీ ఒక మందపాటి కవరు వచ్చింది. ఏదో కంపెనీ నోటీసు. "మరిచిపోయిన వ్యక్తికి, మరిచిన వస్తువు గురించి, ఎలక్ట్రానిక్ సాధనం ద్వారా ఒకసారి గాని అంతకంటే ఎక్కువసార్లు గాని గుర్తుచేసే పద్ధతి" మీద వాళ్ళకి పేటెంటు ఉందట. అంటే ఆ పని కనిపెట్టింది వాళ్ళు, కాబట్టి ఇంకెవరు చేసినా వాళ్ళ అనుమతి ఉండాలి. రుసుము కట్టండి, లేదా గుర్తుచేయడం ఆపండి, లేదా కోర్టుకి రండి.

ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో అని వాచీల ఆయన ఆరా తీశాడు. ఏమీ తయారుచేయదు. ఒక గది, నలుగురు వకీళ్ళు, ఒక కట్ట పేటెంటు కాగితాలు. తుమ్మితే తుమ్ము మాది, దగ్గితే దగ్గు మాది అని ఊరి మీద పడటమే వాళ్ళ వ్యాపారం.

"అయితే అమ్మ మీద కూడా కేసు వేస్తారేమో. నేను పుట్టినప్పటినుంచీ ఆవిడ పని అదే కదా" అన్నాడు అన్నయ్య.

మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని నోటీసు మొత్తం చదివింది. "నా మీద వెయ్యలేరు. నేను నోటితో చేస్తున్నాను. ఇక్కడ ఎలక్ట్రానిక్ సాధనం అని రాశారు" అంది. ఆ తర్వాత మేం కలిసిన వకీళ్ళలో ఒక్కరు కూడా ఇంత తెలివిగా మాట్లాడలేదు.

నవ్వులు ఆ పూట వరకే. సాయంత్రానికి చెప్పుల రిపేరు ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అమ్మా, నీ ప్రోగ్రాం బంగారం. కానీ నాకు కోర్టు మెట్లెక్కే ఓపిక లేదు తల్లీ" అన్నాడు. వారం తిరిగేసరికి పదకొండు దుకాణాలు ప్రోగ్రాం తీసేశాయి. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. ఇప్పుడు రాజు కూడా అక్కర్లేదు, తపాలా బిళ్ళ చాలు. వదిన మాత్రం ఏడవలేదు. వంటగదిలో గిన్నెలు మామూలుకంటే గట్టిగా తోమింది.

కళ్ళజోళ్ళ ఆయన అల్లుడు ఒక వకీలు దగ్గర గుమాస్తా. అతను దారి చెప్పాడు. "పేటెంటు ఆఫీసులో అభ్యంతరం పెట్టండి. వాళ్ళు దరఖాస్తు పెట్టి తొమ్మిదేళ్ళయింది. అంతకుముందే మీరు ఆ పని చేశారని తేదీ ఉన్న రుజువు చూపిస్తే చాలు, పేటెంటు కొట్టేస్తారు."

"ఇంతేనా? నేను రాసి పదకొండేళ్ళయింది!" అని వదిన ఎగిరి గంతేసింది.

రుజువు కోసం వెతికితే తెలిసింది. పాత కంప్యూటరు ఎప్పుడో తూకానికి పోయింది. మెసేజిలు అప్పటి ఫోన్లతోనే పోయాయి. నోటి మాట మీద ఇచ్చిన ప్రోగ్రాముకి కాగితం ఎక్కడిది? "మేమంతా ప్రమాణం చేసి చెప్తాం" అన్నాం. మీరు వాడుకునేవాళ్ళు, మీ మాట చెల్లదన్నారు వకీళ్ళు. తలుపు తట్టి లోపలికొచ్చామని తేదీ వేసి రాసిపెట్టుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా?

అభ్యంతరం పెట్టే గడువు ఇంకా పది రోజులుందనగా లాండ్రీ బాబాయి వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు, వీధి మొత్తానికి బాబాయి. చేతిలో పాత కవరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇది నీకు చూపించకూడదనుకున్నానమ్మా. పదేళ్ళ కిందట రిజిస్టరు పోస్టులో వచ్చింది. చించబుద్ధి కాలేదు, దాచాను" అన్నాడు.

కవరు మీద తపాలా ముద్ర, తేదీ స్పష్టంగా ఉన్నాయి. లోపల ఒక ఫిర్యాదు ఉత్తరం. వదిన పైకి చదవడం మొదలుపెట్టి నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. నేను తీసుకుని చదివాను.

"అయ్యా, మా ఇద్దరి కోట్లు సిద్ధమని మొదట మీరే వీధిలో కనిపించి చెప్పారు. ఆ మర్నాడే రెండూ తీసుకెళ్ళాను. అయినా మీ కంప్యూటరు పదిహేడు రోజులుగా పొద్దున తొమ్మిదింటికి నా భార్య పేరు పెట్టి పిలిచి, కోటు తీసుకెళ్ళమని గుర్తుచేస్తోంది. ఆమె పోయి ఇరవై రోజులైంది. ఆమె లేదన్న సంగతి నాకు రోజూ గుర్తుచేయనక్కర్లేదు. దయచేసి మీ యంత్రానికి చెప్పండి."

అప్పట్లో బాబాయి వదినతో "ఒకే నంబరు మీద రెండు పేర్లుంటే కొంచెం తికమక పడుతోందమ్మా" అని మాత్రం అన్నాడట. వదిన పావుగంటలో సరిచేసి ఆ సంగతే మరిచిపోయింది. ఇప్పుడు మొహం పాలిపోయి కూర్చుంది. "నా ప్రోగ్రాంలో తప్పుండదు" అన్న మనిషిని ఏడిపించడానికి నాకు అంతకంటే మంచి అవకాశం దొరకదు. కానీ ఉత్తరం మడిచి కవరులో పెట్టేశాను. 

"ఇది వాడను. ఇల్లు గడవకపోతే గడవకపోనీ" అంది వదిన.

రెండు రోజులు అదే మాట. మూడో రోజు తనే చెప్పులేసుకుని, "పద, ఆ ఉత్తరం రాసినాయన్ని అడుగుదాం" అంది.

ఆయన సర్వే శాఖలో పటాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. చిన్న ఇల్లు, గోడల మీద కిటికీలకంటే పటాలే ఎక్కువ. వదిన కూర్చోకుండానే, "ఆ ప్రోగ్రాం నాదండీ. తప్పు నాది" అంది. వచ్చిన పని చెప్పింది. ఆయన తన ఉత్తరం తనే మొదటిసారి చూస్తున్నట్టు చదువుకున్నాడు.

"చదువుకోండమ్మా. కానీ మొత్తం చదవండి. సగం చదివితే కోటు కోసం గొడవపడ్డ మనిషిలా ఉంటాను" అన్నాడు.

విచారణ రోజు మా వీధి సగం దుకాణాలు మూసుకుని వచ్చాం. అటు కంపెనీ వకీలు, ఆయన సంచీ మోయడానికి ఇద్దరు, ఆ ఇద్దరికీ తలో సంచీ. వదిన ఉత్తరం మొదటినుంచీ చివరిదాకా చదివింది. వీధి జనం ముందు తన తప్పు తనే చదువుకుంది.

కంపెనీ వకీలు లేచాడు. "ఇది పద్ధతి కాదు, పొరపాటు. పొరపాటున గుర్తుచేయడం వేరు, కనిపెట్టి గుర్తుచేయడం వేరు" అన్నాడు.

పేటెంటు ఆఫీసు అధికారి వదిన వైపు తిరిగాడు. "ఎలక్ట్రానిక్ సాధనం ద్వారానే గుర్తుచేశారా?"

"అవునండీ."

"ఒకసారి కంటే ఎక్కువగా?"

"అవునండీ."

"మరిచిపోయిన వ్యక్తికే కదా?"

వదిన అవునంటే సరిపోయేది. గుమాస్తా కూడా అవునని చెప్పమని వెనకనుంచి సైగ చేశాడు. "లేదండీ. ఆయన ఏదీ మరిచిపోలేదు" అంది వదిన. పటాల ఆయన వెనక వరసలో ఉన్నాడు. తల వంచుకుని చేతి రుమాలు మడతపెడుతూ కూర్చున్నాడు. ఇక గెలిచినట్టే అని నేను తల పట్టుకున్నాను. అధికారి మాత్రం ఏదో చాలాసేపు రాసుకున్నాడు.

రెండు నెలలకి తీర్పొచ్చింది. నలభై పేజీలు. ప్రోగ్రాం ఎవరికోసం రాశారన్నదే ముఖ్యం గాని ఆ పెద్దమనిషి మరిచాడా లేదా అన్నది కాదట. పోనీలే, గెలిచాం అనుకున్నాం. చివరి పేజీలో ఉంది అసలు సంగతి. ఉత్తరం ప్రకారం మొదటిసారి గుర్తుచేసింది లాండ్రీ యజమాని, నోటితో, వీధిలో. యంత్రం గుర్తుచేసింది ఆ తర్వాత. కాబట్టి "అంతకంటే ఎక్కువసార్లు" అన్న భాగం రద్దు. "ఒకసారి" అన్న భాగానికి తేదీ ఉన్న రుజువు లేదు కనక అది కంపెనీదే. అంటే మొదటిసారి గుర్తుచేసే హక్కు వాళ్ళది, రెండోసారి నుంచి లోకానిది.

పదకొండేళ్ళుగా ఆ మొదటి మెసేజి సరిగ్గా వెళ్ళింది. అందుకే దాని మీద ఎవరూ ఫిర్యాదు రాయలేదు. అదీ దాని నేరం.

అన్నయ్య తీర్పుని విసిరికొట్టబోయాడు. వదిన లాక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని, మొదటి మెసేజి తీసేసింది. ఇప్పుడు పని పూర్తయ్యాక మీట నొక్కితే జనానికి వెళ్ళేది ఒకటే: "మీ వస్తువు సిద్ధంగా ఉందని రెండోసారి గుర్తుచేస్తున్నాం."

విడ్డూరం ఏమిటంటే జనం పరిగెత్తుకుంటూ వస్తున్నారు. తీసేసిన పదకొండు దుకాణాల్లో తొమ్మిది మళ్ళీ పెట్టించుకున్నాయి. నిన్న నా దుకాణానికి ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"క్షమించండమ్మా, మీరు పంపిన మొదటి మెసేజి చూసుకోలేదు!"

వదిన అక్కడే ఉంది. "మొదటిది పంపలేదండీ" అంది.

"అదేమిటి? ఎందుకని?"

"పంపితే నేరం."

"మరి రెండోది?"

"రెండోది పంపొచ్చు."

ఆయన నన్నూ వదిననీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందా?" అని నిజంగానే ఆదుర్దాగా అడిగాడు. వదిన నలభై పేజీల తీర్పు తీసి ఆయన చేతిలో పెట్టింది. మూడో పేజీ దాకా నిలబడే చదివాడు. నాలుగో పేజీలో కుర్చీ అడిగాడు.