రెండో మనిషి

బోరబండ హనుమాండ్లు ఆఫీసుల్లో సర్వర్ ర్యాకులకు బరువైన ఫైర్‌వాల్ యంత్రాలు బిగిస్తాడు. నడుముకు బెల్టు చుట్టుకోనిదే దేని మీదా చెయ్యి వెయ్యడు. ఒక్కడే అసలు ఎత్తడు. ఒకసారి మొహమాటానికి ఎత్తి, కూతురు పట్టుకుంటే తప్ప మంచం దిగలేని రోజులు చూశాడు. నిన్న పంజాగుట్ట ఆఫీసుకు కంపెనీ అతన్నొక్కణ్ణే పంపింది. అట్టపెట్టె మీద ఇద్దరు మనుషులు కలిసి ఎత్తుతున్న బొమ్మ ఉంది. హనుమాండ్లు ఆ బొమ్మను అక్కడి మేనేజర్ భార్గవ్ వైపు తిప్పి, పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏంటయ్యా, బొమ్మ చూపిస్తున్నావ్? నీవల్ల కాదంటే చెప్పు. మీ కంపెనీకి ఫోన్ చేసి ఇంకొకణ్ణి రప్పిస్తా," అన్నాడు భార్గవ్.

హనుమాండ్లు లేచి బెల్టు ఇంకాస్త బిగించాడు.

"రప్పియ్యుండ్రి సార్. గాయన వస్తే ఇద్దరమైతం."