పట్టాలు మార్చే చెయ్యి

పుంగనూరుకు రైలు లేదు. ఆ ఊరి పిల్లలకు రైలంటే పుస్తకంలో బొమ్మే. మునిచంద్ర కూతురు పల్లవికి మాత్రం రైళ్లు బాగా తెలుసు. తెలియడానికి కారణమే మంచిది కాదు. ఆ పిల్లకు కండరాలు కొద్దికొద్దిగా కరిగిపోయే జబ్బు. మొదట పరుగు పోయింది, తర్వాత మెట్లెక్కడం, ఆ తర్వాత నడక. నెలకోసారి కుప్పం ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ పని ముగిశాక తిరుగు బస్సు వేళయ్యేదాకా స్టేషన్లో కూర్చోబెడితేనే ఆమెకు ఆ ప్రయాణం గిట్టుబాటు అయినట్టు.

ఒకనాడు ఒక గూడ్సు బండి మెల్లగా పక్క లైనులోకి తప్పుకుని, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారిచ్చింది.

"దానికి పక్కకు పోవాలని ఎట్ల తెలుస్తాది నాన్నా? డ్రైవరు స్టీరింగు తిప్పినాడా?"

"రైలుకు స్టీరింగు ఉండదు తల్లీ. పట్టా చీలే చోట పాయింట్లని ఉంటాయి. వాటిని ఎవరో జరుపుతారు. అవి యాడికి తిరిగుంటే బండి ఆడికి పోవాల్సిందే."

పల్లవి పట్టా చీలే చోటు వైపు మెడ చాచి చూసింది. "అయితే నేను డ్రైవరు కాను. జరిపేదాన్ని అవుతా. కూర్చునే చేయొచ్చు కదా!"

ఆ మాటకు మునిచంద్ర నవ్వాడు గానీ బస్సులో దారిపొడుగునా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. అతడు బీయస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి, బస్టాండు దగ్గర ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే అంగడి పెట్టుకున్నవాడు. కూతురి జబ్బు గురించి దొరికిందల్లా చదివాడు. కాళ్ల తర్వాత చేతులని అతడికి తెలుసు, భార్య నీరజకూ తెలుసు. పిల్లకు ఇద్దరూ చెప్పలేదు.

వాడేసిన బొమ్మ రైలు సెట్టొకటి బెంగళూరు నుంచి తెప్పించి, కూతురి చక్రాల కుర్చీ లోపలికి దూరేటంత ఎత్తులో ప్లైవుడ్ బల్ల వేసి, దానిమీద కుప్పం స్టేషన్ను కట్టాడు. పెద్ద లైను, పక్క లైను, రెండు చివర్లా పాయింట్లు. బల్ల అవతలికి పల్లవి చెయ్యి చాచలేదు. కూర్చున్న చోటినుంచే పాయింట్లు జరగాలి. ఎలాగన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నతోనే మదనపల్లెలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే స్నేహితుడు సాయిప్రసాద్ దగ్గరికి వెళ్లాడు.

"రా సామీ! పిల్లకు బొమ్మ కొనియ్యమంటే రైల్వే శాఖనే పెట్టేస్తాండావే! నాకేమైనా ఉద్యోగం ఉండాదా అందులో?"

"ఉండాది. ప్లాట్‌ఫారం ఊడ్చేది. ముందు సామాను సూపించప్పా."

సాయిప్రసాద్ గల్లా బల్ల మీద మూడు రకాలు పరిచాడు. సైకిల్ బ్రేకు వైరుతో లాగే లివరు ఒకటి. బటన్ నొక్కితే కాయిల్ ఇనప కడ్డీని లాగి పాయింటును టక్కున తిప్పేది రెండోది. మూడోదొక చిన్న పలక, దానికి వైరే అక్కరలేదు. చర్మం తగిలితే చాలు, దూరాన ఉన్న చిన్న మోటారు తిరుగుతుంది.

"ఆ మూడోది ఈగ వాలినా పని చేస్తాది. నీ బిడ్డకు అదే మేలు" అన్నాడు సాయిప్రసాద్, ఈసారి ఎగతాళి లేకుండా.

ఈగ వాలినా అన్న మాట మునిచంద్రకు నచ్చలేదు. మూడోదీ కొన్నాడు గానీ, ముందు బటన్లే బిగించాడు. కాయిల్‌కు కరెంటు ఒక్క క్షణమే తగలాలి. నొక్కి వెంటనే వదిలేయాలి, లేకుంటే కాయిల్ కాలిపోతుంది. పల్లవి నొక్కింది. పాయింటు తిరిగింది. ఆమె చప్పట్లు కొట్టాలనుకుంది గానీ వేలు బటన్ మీదినుంచి లేవలేదు. బల్ల కిందనుంచి పొగ వచ్చింది.

రోజూ అంగట్లో పీల్చే వాసనే అది. మునిచంద్ర గబుక్కున ప్లగ్గు పీకేశాడు.

"నేను పాడుచేసినానా?"

"లేదమ్మా. ఆ కాయిల్ సరిగా చుట్టలేదు వాళ్లు."

మరుసటి ఆదివారం మూడోదాన్ని తీశాడు. ఆ పలకను కుర్చీ చేతికి పెట్టి మోచేత్తో తాకి చూశాడు. తర్వాత తల ఆనించుకునే దిండు పక్కన పట్టుకుని, వంగి, దవడతో తాకాడు. పాయింటు తిరిగింది. తలెత్తేసరికి పల్లవి అతడినే చూస్తోంది.

"దవడతో యాల తాకుతాండావు నాన్నా?"

"ఊరికే... పని చేస్తాదో లేదోనని."

"నా చేతులు గూడా పోతాయా?"

వంటింట్లో నీరజ కడుగుతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు మునిచంద్ర.

"ఎవురూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు సూపించినావు కదా."

అతడు ఆ పలకను కిందపెట్టేశాడు. నీరజ తడిచేతులతోనే వచ్చి పిల్ల తలను గుండెకు అదుముకుంది. ఆ చేతుల సందునుంచే పల్లవి అంది: "అది వద్దు. నాకు లివరే పెట్టు. చేతికి తెలియాల."

లివరే పెట్టాడు. లాగితే బ్రేకు వైరు పాయింటును జరుపుతుంది, బల్ల కింది స్ప్రింగు దాన్ని పట్టాకు గట్టిగా అదిమిపెడుతుంది. 'టక్' మన్నది ముందు పల్లవి అరచేతికే తెలిసేది. వీధి పిల్లలు బల్లచుట్టూ మూగితే, "జరగండప్పా, ఎక్స్‌ప్రెస్ వస్తాండాది! కాళ్లు తెగిపోతే నన్నడగొద్దు!" అని గదమాయించేది. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో అరుపులు వినిపించాయి.

ఎండలు ముదిరేసరికి ఆమె రెండు చేతులతో లాగడం మొదలుపెట్టింది. తర్వాత ఒంటి బరువంతా వేసి లాగసాగింది. ఒక సాయంత్రం లివరు సగంలో ఆగిపోయింది. పల్లవి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఈ పొద్దు రైళ్లు లేవు" అని బయటి పిల్లలను పంపేసింది.

మర్నాడు ఆమె బడికి పోయాక మునిచంద్ర బల్ల కింద దూరి స్ప్రింగు మార్చాడు. కాస్త మెత్తటిది వేశాడు.

"నాన్నా, సూడు! ఒక చేత్తోనే వచ్చేసింది!"

ఆ ముఖం చూశాక అతడు ఆగలేకపోయాడు. ఆమె చేతికి లివరు లొంగనప్పుడల్లా ఇంకా మెత్తని స్ప్రింగు వేస్తూ పోయాడు. నీరజ తన తల్లికి ఫోన్ చేసి, "చేతుల్లో బలం వస్తాండాదమ్మా" అని ఏడుస్తూ చెబుతుంటే, పక్కగదిలో కూర్చుని పాత ఫ్యానొకటి విప్పుతూ ఉండిపోయాడు.

కుప్పంలో డాక్టరు తన రెండు వేళ్లు పల్లవి పిడికిట్లో పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. చూసి, ఏదో రాసుకున్నాడు. "పోయినసారికన్నా తగ్గింది."

"లేదు సార్, ఇంట్లో లివరు ఒక్క చేత్తో లాగుతాండా" అంది పల్లవి. నీరజ గబగబా, "నిజమే సార్, నేనే సూసినా" అంది. డాక్టరు మునిచంద్ర వైపు చూశాడు. మునిచంద్ర చెప్పుల వైపు చూసుకున్నాడు.

అది జరిగిన కొద్దిరోజులకే బల్ల మీద ఎక్స్‌ప్రెస్ పాయింటు దగ్గర పట్టా తప్పింది. మునిచంద్ర మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ పడింది. స్ప్రింగులో బిగువు లేదు. పాయింటు పట్టాను తాకకుండా మధ్యలో ఊగుతోంది. పల్లవి చిటికెన వేలితో లివరును తోసింది. అది గడ్డిపోచలా వాలిపోయింది.

"స్ప్రింగు మార్చినావా?"

"...ఊ."

"ఒకసారేనా?"

అతడు తల అడ్డంగా ఊపాడు.

పల్లవి ఏడ్చింది. ఏడుస్తూనే, "అమ్మ అవ్వకు చెప్పేసింది, డాక్టరుకు చెప్పింది. ఇప్పుడు అమ్మకు ఎవురు చెప్తారు? నేను చెప్పలేను" అంది.

అతడే వంటింట్లోకి వెళ్లి చెప్పాడు. నీరజ అరవలేదు. బీన్సు తుంచుతున్న చెయ్యి ఆగింది, అంతే. "ఇన్నాళ్లకు నాకు కంటినిండా నిద్ర పడతాండాదనుకున్నా. అదీ నువ్వు చేసిందేనా?" అంది.

ఆ సాయంత్రం లివరు తీసేసి, చర్మం తగిలితే తిరిగే ఆ పలకను పెట్టాడు. ఎక్కడ పెట్టాలో పల్లవే చెప్పింది. కుర్చీ చేతి మీద, చూపుడువేలి కింద. "దవడ దగ్గర ఇప్పుడొద్దు."

వేలు ఆనించింది. చప్పుడు లేదు, చేతికి తెలిసేదేమీ లేదు. ఆమె కూర్చున్న చోటికి పాయింటు సరిగా కనబడదు.

"మారిందా?"

"మారింది తల్లీ."

పల్లవి తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత వంటింటి వైపు తల తిప్పింది.

"అమ్మా, నువ్వొచ్చి సూసి చెప్పు."

నీరజ వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, బల్ల మీదికి బాగా వంగి, పట్టా చీలే చోటును చూసింది. మునిచంద్ర ఆమెకు దారిస్తూ వెనక్కి జరిగాడు.

"మారింది" అంది నీరజ.

అప్పుడు పల్లవి రైలును వదలమంది.