పల్లీ కళ్ళ దయ్యం కుడుములు

గద్వాలలో మా మనవరాలి బడిలో హాలోవీన్ పార్టీ అట, ఒక్కొక్కరూ భయపెట్టే మిఠాయి ఒకటి చేసి తీసుకురావాలట. కోడలు ఫోన్‌లో నల్ల కేకులూ సాలీడు బిస్కెట్లూ చూపిస్తూ ఇవన్నీ మీకు కొత్త కదా అత్తమ్మా అంటే నాకు లోపల్లోపల నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ పండగ మిఠాయి నేను మా వాడు పుట్టకముందే చేశాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయినా వనపర్తి గ్రంథాలయం నన్ను ఆగనివ్వలేదు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ బల్ల మీద ఏది కనబడితే అది, అట్టలు ఊడిన వైద్య పుస్తకాలతో సహా చదివేదాన్ని. అక్కడే ఒక పిల్లల పుస్తకంలో, పరదేశాల్లో ఏటా ఒకనాడు దయ్యాల రూపంలో మిఠాయిలు చేసుకుని నవ్వుకుంటూ తింటారని చదివాను. మన ఈడు వాళ్ళకు తెలుసు, అప్పుడు చదివిన ముక్క ఎక్కడో దాగుండి అక్కర పడ్డనాడు బయటికొచ్చేది.

గద్వాల దగ్గరి ఒక ఊరికి అంగన్‌వాడీ టీచరుగా వెళ్ళినప్పుడు నాకా అక్కర పడింది. సెంటరుకు ఇచ్చింది ఏళ్ళ తరబడి మూతపడ్డ రేకుల గది. గాలికి రేకులు కొట్టుకుంటే లోపల దయ్యం పళ్ళు కొరుకుతోందని పిల్లలు గడప తొక్కేవారు కాదు. తల్లులేమో పొద్దున్నే పత్తి చేలకు పోవాలి, చేసేదిలేక చంటివాళ్ళను ఎండలో గట్టు మీద పడుకోబెట్టి పని చేసుకునేవారు. పిల్లలు రాకపోతే సెంటరు ఎత్తేస్తామని పైవాళ్ళు చెప్పి వెళ్ళారు.

వాన పడి పనులు లేని ఒకనాడు దయ్యం విందు అని వాడంతా పిలిచాను. బియ్యప్పిండి కుడుములు, లోపల బెల్లం, ఎండుకొబ్బరి, పైన మొన తేలిన తల, రెండు నల్ల నువ్వులు కళ్ళు. తెల్లగా, గుండ్రంగా గది బయట ఆకుల్లో వరస పెట్టి మురిసిపోతుండగా, వాడలో అందరికంటే పెద్దదైన ఒక అవ్వ వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"ఏంది పిల్లా, బతికున్న పోరగాండ్లకు పిండాలు వెడ్తవా? నీ సదువు సల్లగుండ!"

అప్పుడు చూశాను. తెల్లటి ముద్దలు, పైన నల్ల నువ్వులు! పుస్తకంలో చదివిన పరాయి పండగ గుర్తుంది గానీ మనింట్లో పోయినవాళ్ళకు పెట్టేది మాత్రం తట్టలేదు. తల్లులు అప్పుడే పిల్లల్ని వెనక్కి లాక్కుంటున్నారు. సెంటరు ఇక పోయినట్టే అనుకున్నాను.

"పిండం గాదవ్వా, గిది దయ్యం," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "దయ్యానికి నువ్వులంత కండ్లు ఎవడన్న జూసిండా? ఎర్రగ, గింతింత ఉంటయి. జర పల్లీలు తే!"

కొంగు నడుముకు దోపుకుని, పీట వేసుకుని కూర్చుని ఆమె నువ్వులన్నీ ఏరిపారేసి ఎర్రపొట్టు పల్లీలు గుచ్చింది, కొబ్బరి తురుము జుట్టుగా అతికింది, పాకం పూసి నాలుకలు వేలాడదీసింది. ఆ రూపాలకు ముందు తల్లులే నవ్వారు. అవ్వ ఆకులన్నీ తీసుకుపోయి గది నడుమ పెట్టి, ఎవరికి కావాలో వాళ్ళే లోపలికొచ్చి తినండని కూర్చుంది. పిల్లలు గడప బయటే గుమిగూడి తొంగిచూశారు. అందరికంటే పిరికిదని పేరుపడ్డ ఒక చిన్నది అమ్మ కొంగు వదిలి గడప దాటింది.

"అవ్వా, దాని తల్కాయ తిన్న!" అని మూతంతా బెల్లంతో అరిచిందో లేదో, తక్కినవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికి దూరారు. మర్నాడు తల్లులు పిల్లల్ని గదిలో వదిలి చేలకు పోయారు.

ఇప్పటి పిల్లలు భయాన్ని కొని తెచ్చుకుని ఆడుకుంటున్నారంటే నాకు సంతోషమే, నిజం భయాలు అంత తగ్గాయన్నమాట. వాళ్ళ సెంటర్లకు రంగుల గోడలున్నాయి, గడప దగ్గర ఏడ్చేవాళ్ళూ తక్కువే. కానీ తిట్టడానికొచ్చి పీట వేసుకుని కూర్చుని, మన తప్పును తన చేత్తో దిద్దిపెట్టి పోయే అవ్వలే వాడల్లో కనబడటం లేదు. ఆ వయసు ఇప్పుడు మనదే కదా, పీట మనమే వేసుకోవాలేమో.