పప్పు ఉడకని బావి

కృష్ణలో మొలలోతు నీళ్లలో నిలబడి, అమ్మవారి కొండ వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి చెబుతున్నాను: ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. గవర్నర్‌పేటలో ఓ ప్రెస్సులో ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఇందులో అచ్చుతప్పు ఉంటే ఉండొచ్చు గానీ అబద్ధం మాత్రం ఉండదు.

ఇల్లు కొనేటప్పుడు ముందుగా ఏం చూసుకోవాలండీ అని మా అరుగెక్కినవాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మేం ఇల్లు వెతుక్కున్న సంగతి మాత్రం చెప్పగలను.

అవి డెబ్బైల మొదటి రోజులు. మా ఇంట్లో మేమిద్దరమే, పిల్లల్లేరు. ఒకరింట్లో వాటా అద్దెకి తీసుకుని ఉండేవాళ్లం. ఒక గదీ, వరండాలో తడిక కట్టిన మూల వంటా. పెరట్లో బావి ఇంటావిడది. మాకు పూటకి రెండు బిందెలే. మా ఆవిడ మూడో బిందె బావిలోకి దించిందా, లోపల్నుంచి ఇంటావిడ గొంతు వినబడేది.

“ఏంటమ్మాయ్, ఇవాళ మీ ఇంట్లో పెళ్లా?”

మా ఆవిడ ఖాళీ బిందె తెచ్చి మూల బోర్లించేది.

మా ఆవిడది ఉయ్యూరు పక్క పల్లె. ఆ ఊరి నీళ్లంత తీపి నీళ్లు లోకంలో లేవని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి నేను కొంత చేర్చాను. చెరుకు ఫ్యాక్టరీ పుణ్యమా అని భూమిలోంచే తీపి ఊరుతుందనీ, మా అత్తారింట్లో కాఫీలోకి పంచదార వెయ్యరనీ ప్రెస్సులో చెప్పాను. అక్షరాలు పేర్చే కంపోజిటరు ఒకడు నమ్మి, బిందె ఒకటి తెచ్చిపెట్టమని నన్ను బతిమాలాడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆవిడ కాపరానికొచ్చిన రోజే మా పెద్దవాళ్లింట్లో పాడిగేదె చచ్చిపోయింది. అది నెల్లాళ్లుగా జబ్బుతో ఉంది. అయినా మా మేనత్త వీధి వీధంతా వినబడేలా, “పాదం అట్టాంటిదిలే” అంది. నేను ఊరుకుంటానా? “పాదం కాదత్తా, నేను పెళ్లికొడుకు వేషంలో ఉండగా చూసి, నవ్వలేక నవ్వలేక చచ్చింది” అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ తరవాత ఎవరింటికి వెళ్లినా గుమ్మం దగ్గర కాస్త వెనకబడి, నన్ను ముందు లోపలికి వెళ్లనిచ్చేది. మర్యాద అనుకున్నాను.

ఉన్నదంతా ఊడ్చి, ఆవిడ గొలుసు కూడా కలిపితే ఓ చిన్న ఇల్లు వస్తుందని తేలింది. ఇక సలహాలు మొదలయ్యాయి. తూర్పు వాకిలి లేని ఇల్లు ఇల్లే కాదన్నాడు ప్రెస్సు యజమాని. వీధిపోటు చూసుకోమంది మేనత్త. ఇళ్లు చూపించే బ్రోకరు ఇంకోలా చెప్పాడు. “ముందు సెంటరు చూసుకోవాలండీ. గోడలూ గుమ్మాలూ మనం మార్చుకోగలం. సెంటరుని మార్చగలమా?”

నాకు కావలసింది అరుగు. పదిమంది కాళ్లు వేలాడేసి కూర్చునే వీధరుగు. కబుర్లు చెప్పేవాడికి అరుగు లేకపోతే కోతికి కొమ్మ లేనట్టే.

ఆవిడకి నీళ్లు కావాలి. అదొక్కటే.

“కప్పు కారితే గిన్నె పెట్టుకుందాం. గాలాడకపోతే విసనకర్రుంది. నీళ్లు బాలేకపోతే ఏం పెట్టుకుంటామండీ?” అనేది.

ఆవిడకి ఒక పరీక్ష ఉంది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు సంచిలో మరచెంబు పెట్టుకునేది. మర బిగించే మూత ఉన్న ఇత్తడి చెంబు, దారిలో చుక్క ఒలకదు. ఆ ఇంటి బావి నీళ్లు అందులో పట్టుకొచ్చి, మా కుంపటి మీద గుప్పెడు కందిపప్పు ఉడకేసేది. రెండు పొంగులకి గింజ వేళ్ల మధ్య మెదిగితే మంచి నీళ్లు. మెదక్కపోతే ఆ ఇంటి పేరు మళ్లీ ఎత్తకూడదు.

“నోట్లో పోసుకుంటే తెలీదా? ఇంత తతంగమెందుకు?” అని ఓసారి అడిగాను.

“నాలిక మొహమాటపడుద్దండీ. ఇంటాయన ఎదురుగా నుంచుని ‘బాగున్నాయా అమ్మా’ అంటే బాగున్నాయనే అంటది. కందిపప్పుకి మొహమాటం లేదు.”

పదకొండు బావులు చూశాం. ఒక బావి నీళ్లలో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఉడికిన పప్పు ఇంకా గట్టిపడి, గిన్నె వంచితే గోలీల్లా గదంతా దొర్లింది. రెండు గింజలు ఎదురింటి పెంకు పగలగొట్టాయి. నిజం!

పన్నెండో బావి దగ్గర పప్పు ఉడికింది. ఇప్పుడు బెంజ్ సర్కిల్ అంటున్నారే, దాన్ని దాటి కొంత దూరం వెళ్లాక, బందరు కాలవకి దగ్గర్లో రెండు గదుల పెంకుటిల్లు. చుట్టూ పొలాలు. గిన్నె మూత తీసి చూస్తే గింజ ఆనవాలు లేదు, అంతా వెన్నే. ఆవిడ వేలితో తీసి నా నాలిక మీద రాసింది. “మా ఊరి నీళ్లేనండీ,” అంది. ఆ రోజు ఆవిడ మొహం ఎలా ఉందో రాయగలిగితే నేను ప్రూఫులు దిద్దుకుంటూ ఎందుకుంటాను?

“అక్కడ నా కబుర్లు ఎవరు వింటారే? నక్కలా?” అన్నాను.

“నేను వింటాగా,” అంది.

అదే వారంలో బ్రోకరు నన్ను ప్రెస్సు నుంచి నేరుగా ఇంకో ఇంటికి తీసుకెళ్లాడు. ప్రెస్సుకి నాలుగు వీధుల అవతల, సందు మలుపులో. ఇంటి ముందు అరుగు! నున్నగా, నల్లగా, పడుకుంటే వీపుకి చల్లగా, మలుపులో ఉంది కాబట్టి రెండు వైపులా వీధి కనబడుతూ. “అరుగు కాదండీ ఇది, స్టేజీ,” అన్నాడు బ్రోకరు. ఇంటాయన ఒంటరి ముసలాయన. పదేళ్లుగా హోటలు నుంచి క్యారియరు తెప్పించుకు తింటున్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఆ బావి నీళ్లతో ఎవరూ వండలేదు. సందులో వేరే బావే లేదు, అందరికీ వీధి పంపే.

ఆవిడకి ఆయాసంగా ఉందని ఆ రోజు రాలేదు. మరచెంబు మాత్రం పొద్దున్నే నా సంచిలో పెట్టింది. బావిలోంచి చేదతో తోడి నింపాను. సందు చివరికొచ్చాక మూత తీసి గుక్క తాగాను. నాలిక మీద ఉప్పు నిలిచిపోయింది.

వీధి పంపు అక్కడే ఉంది. నీళ్లొచ్చే వేళ. ఆడవాళ్లు వరసలో ఉన్నారు. “దాహం అమ్మా, ఒక్క చెంబు” అంటే దారిచ్చారు. బావి నీళ్లు మురుక్కాలవలో పారబోసి, పంపు నీళ్లు పట్టి మూత బిగించాను. అంతే నేను చేసింది. రాయడానికి రెండు వాక్యాలు పట్టింది, చెయ్యడానికి అంత కూడా పట్టలేదు.

పప్పు ఉడికింది. ఆవిడ గింజ మెదిపి చూసి, వేళ్లు కొంగుకి తుడుచుకుంది.

“ఇదీ బాగానే ఉందండీ. మీకు అరుగూ ఉందంటున్నారు. ఇదే తీసుకుందాం. కాలవ పక్కిల్లు మీకు దూరం,” అంది.

నా కోసం వదులుకుంది. వదులుకోవడానికి నేనిచ్చిన ధైర్యం ఒక చెంబెడు పంపు నీళ్లు.

మేం ఇంట్లో దిగేసరికి ఎండలు ముదిరాయి. పాలు పొంగించాం, పదిమందికి భోజనాలు హోటలు నుంచి తెప్పించాను. మర్నాడు ఆవిడ మొదటిసారి తన బావిలో తను చేద వేసింది. రెండు బిందెలు కాదు, ఆరు తోడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కతే నవ్వుకుంటూ పొయ్యి మీద పప్పు పెట్టింది. మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి ఇంకా పొయ్యి ముందే కూర్చునుంది.

“నీళ్లు మారిపోయినయ్యండీ.”

ఆ క్షణాన చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. నా నోటికి అబద్ధం దొరికినంత వేగంగా నిజం దొరకదు. “కాలవలు కట్టేశారు కదే. ఎండాకాలం కాలవల్లో నీళ్లు లేకపోతే ఊళ్లో బావులన్నీ ఉప్పెక్కుతాయి. కాలవలు వదలనీ, మళ్లీ మామూలే,” అన్నాను.

మా వైపు ఆ మాట ఎవరైనా నమ్ముతారు. కాలవ పక్క బావులు నిజంగానే అలా మారతాయి. మా సందు దరిదాపుల్లో కాలవ లేదని ఆవిడ ఆలోచించలేదు. చెప్పింది నేను కదా.

ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంది. కాలవలు వదిలారని ఎవరో చెప్పగానే పసుపూ కుంకుమా బావి గట్టుకి రాసింది. నీళ్లు ఊరాలి కదా అని ఇంకో నెలాగి, శ్రావణ శుక్రవారం నాడు గుప్పెడు పప్పు ఉడకేసింది. ఉడకలేదు. ఆ పూట నుంచి బిందె తీసుకుని వీధి పంపుకి వెళ్లడం మొదలుపెట్టింది. ప్రతి శుక్రవారం మాత్రం ముందు బావి నీళ్లతో గుప్పెడు పప్పు పెట్టి చూసేది.

బయట అరుగు కిటకిటలాడేది. గేదె కథా, గోలీల పప్పు కథా, ఉయ్యూరు కాఫీ కథా. వేరే పేటల నుంచి కూడా వచ్చి వినేవాళ్లు.

మూడో ఏడో నాలుగో ఏడో. పక్కింటి టీచరమ్మ వెనకవైపు కొత్త గది కట్టించుకుంది. వాళ్లు క్రైస్తవులు. ఓ ఆదివారం పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి గది తెరుస్తారని అందర్నీ పిలిచింది. సాయంత్రం సందులో వాళ్లంతా లోపలికి వెళ్లారు. మా ఆవిడ వాళ్ల గేటు దగ్గరే నిలబడింది. టీచరమ్మ బయటికొచ్చింది.

“రా అక్కా, నీ కోసమే ఆగాం.”

“అందరూ తొక్కినాక వస్తాలే చెల్లీ.”

“అదేం మాట?”

“నా పాదం మంచిది కాదు. మా బావి చూడు. కొనేటప్పుడు బంగారం. ఆ నీళ్లతో పప్పు వెన్నలాగ ఉడికింది, నా చేత్తో నేనే మెదిపి చూశా. నేను కాలు పెట్టా, అంతే. అంతకుముందు మా అత్తారింట్లో గేదె.”

“పాదాల్దేముంది అక్కా! నావి చూడు, బడికి నడిచీ నడిచీ బీటలిచ్చినయ్. రా లోపలికి,” అని చెయ్యి పట్టి లాగింది. మా ఆవిడ రాలేదు. చేతిలోని పళ్ల పొట్లం టీచరమ్మకిచ్చి, అక్కడే నిలబడి దణ్ణం పెట్టింది.

నేను అరుగు మీద ఉన్నాను. ప్రతి మాటా విన్నాను. కథ మధ్యలో ఉంది. “తరవాతేమైంది గురువుగారూ?” అన్నారెవరో. నేను తరవాతేమైందో చెప్పాను. అందరూ నవ్వారు.

డెబ్బైలు ముగిసే ముందు ఆవిడకి గుండె జబ్బు ముదిరింది. నీళ్లు మొయ్యడం వల్ల వచ్చింది కాదన్నాడు డాక్టరు. నేను అడిగాను కాబట్టి అన్నాడు. ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజు సాయంత్రం మంచం పక్కన కూర్చుని, తల వంచుకుని, అంతా చెప్పేశాను. చెంబూ, పంపూ, మురుక్కాలవలో పారబోసిన నీళ్లూ.

ఆవిడ నవ్వింది.

“ఆ రోజే తెలుసండీ. చెంబు మూత తియ్యంగానే గుప్పుమని బ్లీచింగు వాసన. ఏ బావికి మునిసిపాలిటీవాళ్లు మందు కలుపుతారు? మీ మొహం చూశాను. అరుగు కోసం అంత పాటు పడ్డారు కదా అని ఊరుకున్నా.”

“మరి ఆ పాదం మాటలూ?”

“మీ చేత చెప్పించాలని. ఇన్నేళ్లు పట్టింది మీకు!” అని నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. ఆ రాత్రే పోయింది.

ఈ కథ అరుగు మీద చాలాసార్లు చెప్పాను. ఇక్కడికొచ్చేసరికి వినేవాళ్లు కళ్లు తుడుచుకుని, “మహాతల్లి అండీ” అంటారు. నేనూ తుడుచుకుంటాను.

మొదట్లో ప్రమాణం చేశాను కాబట్టి ఇప్పుడు చెప్పాలి. గోలీల పప్పు ఎదురింటి పెంకు పగలగొట్టలేదు. అదెవరూ నమ్మి ఉండరు, పోనివ్వండి. నేను కల్పించింది ఆసుపత్రిలో ఆ మాటలు. చెంబు సంగతి నేను ఎత్తనే లేదు. నాలుగు రోజులూ ఆ మంచం పక్కన కూర్చుని నర్సుల్ని నవ్వించాను. ఆవిడకి ఏ వాసనా తెలీదు, ఏదీ తెలీదు. మొదటిరోజు పప్పు మెదిపి చూసినప్పుడు ఎంత నమ్మిందో ఆఖరు రోజుకీ అంతే నమ్మింది.

ఆ ఆఖరు సాయంత్రం ఆవిడ నిజంగా అన్న మాట ఇది:

“నేను పోయాక బావి నీళ్లు ఓసారి చూడండి. బాగుపడతయ్యేమో.”

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలంతా వెళ్లాక, చేదతో నీళ్లు తోడి గుప్పెడు కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. పొద్దు గూకేదాకా దాని ముందే కూర్చున్నాను. అరుగు మీద ఎవరో దగ్గి, “గురువుగారు ఉన్నారా?” అని పిలిచి, కాసేపు చూసి వెళ్లిపోయారు.

ఉడకలేదు.