సారమ్మ సంతకం

మణికొండలో పెరడున్న ఇల్లంటే ఇప్పుడు వింతే. మా సందులో అలాంటివి రెండే మిగిలాయి. ఒకటి మాది, గోడకు అవతలిది ప్రభుదాస్‌ది. మిగతావన్నీ ఐదంతస్తులు లేచి మా రెండిళ్ల గాలినీ మింగేశాయి.

ప్రభుదాస్ వడ్రంగి. ఇరవై రెండేళ్లుగా రాయదుర్గం టవర్లలో ఆఫీసులకు బల్లలు, అడ్డుగోడలు బిగిస్తున్నాడు. అక్కడి పద్ధతొకటి అతనికి బాగా ఒంటబట్టింది. ఏ పనికైనా మూడు నమూనాలు గీసి చూపించాలి, కంపెనీవాళ్లు ఒకటి ఎంచుకుని కాగితం మీద సంతకం పెట్టాలి. అది పడనిదే రంపం ముట్టడు. "సంతకం లేని పని రేపు మన నెత్తికొస్తది, టీచరమ్మా" అనేవాడు. ఇంట్లో ఉల్లిపాయల బుట్టకు మూత చేసినా తనచేత సంతకం పెట్టించుకుంటాడని అతని భార్య సారమ్మ చెప్పి నవ్వేది. హాజరు పట్టీ లేనిదే నాకూ తెల్లారదు కనుక ఆ చాదస్తం నాకు నచ్చేది. అప్పట్లో.

ఈ వేసవి మొదట్లో సారమ్మను దవాఖాన నుంచి ఇంటికి పంపేశారు. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకిందట. ఇక చేసేదేం లేదు, ఆమెకు నచ్చినట్టు చూసుకోండి అన్నారట. ఆమె అడిగింది ఒక్కటే. గదిలో ఉడికిపోతున్నాను, పెరట్లో ఇంత నీడ వేస్తే సాయంత్రాలు గాలికి కూర్చుంటానంది. "పందిరెయ్యయ్యా, చాలు" అంది.

పందిరంటే నాలుగు గుంజలు, పైన ఇంత కప్పు. మా గుంటూరు వైపైతే మధ్యాహ్నానికి అయిపోతుంది. ప్రభుదాస్ మాత్రం ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. పెరటి మండపం మీరే కట్టుకోండి అంటూ దొరలెవరో చూపిస్తున్నారు. అవి చూసి మూడు నమూనాలు గీశాడు. ఒకటి ఆరు మూలలది, లోపల చుట్టూ బెంచీలు. రెండోది నాలుగు స్తంభాలది, నడుమెత్తు కమ్మీలు, ముందు మూడడుగుల వెడల్పు దారి. మూడోది గోడకు ఆనించి ఏటవాలుగా దించేది. గోడ మీదుగా కాగితాలు అందించి ఏది బాగుందని అడిగాడు. ఆరు మూలలది ముచ్చటగా ఉందన్నాను, నా బుద్ధి గడ్డి తిని. మర్నాడు దానికే మూడు రకాల కప్పులు గీసుకొచ్చాడు.

సారమ్మకు ఏది చూపించినా "ఏదైతేంది, నీ ఇష్టం" అనేది. నీ ఇష్టం అంటే సంతకం కాదుగా. ఎండ ఎటు పడుతుందో చూసి మళ్లీ గీసేవాడు. జల్లు ఎటు కొడుతుందో చూసి మళ్లీ గీసేవాడు.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "ఏమండీ, ఇలా మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే ఎలాగండీ? ఆవిడకు ఎన్నాళ్లుందనుకుంటున్నారు?" అనేశాను.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాలుగు రోజుల పని, టీచరమ్మా. అది అయిపోయినంక నేనేం జెయ్యాలె?" అన్నాడు.

నాకు తిట్టినందుకు సిగ్గేసింది, అయినా కోపం పోలేదు. భయం అతనిది, ఉడికిపోతున్నది ఆమె.

అలా నెల దాటింది. ఒక ఆదివారం నేను జావ తీసుకుని వెళ్లేసరికి ప్రభుదాస్ మంచం పక్కనే కాగితాలతో ఉన్నాడు. సారమ్మ కాళ్లు ఉబ్బిపోయాయి, పక్కకు తిప్పాలంటే ఇద్దరు పట్టాలి.

"ఇటియ్యి" అందామె ఆ రోజు. మూడూ తీరిగ్గా చూసింది. "ఈ నాలుగు స్తంభాలది."

ప్రభుదాస్ ముఖం విప్పారింది. "మంచిగ జెప్పినవ్. గిక్కడ నీ కుర్చీ ఏస్త, గాలి సీదా వస్తది."

"కుర్చీ ఎందుకు? నెల కింద అయితే చీర గట్టినా దాని కింద కూసునేదాన్ని. ఇగ కూసునుడు నాతోని గాదు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాగితం మీద దారిని వేలితో చూపించింది. "ఇది మూడడుగులేనా? ఐదు చెయ్యి. పెట్టె పట్టాలె, మోసేటోళ్లు గూడ పట్టాలె."

"ఏ పెట్టె? బట్టల పెట్టెనా?" అన్నాడు. అంత పనిమంతుడికి నిజంగానే అర్థం కాలేదు.

"నన్ను పెట్టే పెట్టె. చర్చి సంఘపోళ్లంత వచ్చి ప్రార్థన జేస్తరు గద, ఎండల నిలవెడ్తవా? ఆరు మూలల దాంట్ల బెంచీలు అడ్డమొస్తయి."

జావ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

ప్రభుదాస్ చెవి మీది పెన్సిల్ తీసి మూడు కొట్టేసి ఐదు వేశాడు. అంకె వంకరపోయింది. చెరిపి మళ్లీ వేశాడు. ఇంకో నమూనా గీస్తానని మాత్రం అనలేదు. కాగితాన్ని అట్ట మీద పెట్టి ఆమె ముందు పట్టుకున్నాడు. సారమ్మ కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

"ఈసారన్న జర జల్ది చెయ్యయ్యా" అంది.