కాలు ఆమెది, జవాబులు నావి

నా భార్య హుసేనమ్మ కుడికాలి బొటనవేలు తీసేసినారు. అది నావల్ల పోయింది. ఫోన్లో ఉండే ఏఐ ఆమె కాలిని గురించి అడిగిన ప్రశ్నలకు, ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా, నేనే జవాబులు చెప్పినాను.

మాది గార్లదిన్నె దగ్గర పల్లె. దూదేకులోళ్లం. ఫోము పరుపులు వచ్చినాక దూది ఏకే పని పోయింది గానీ, పాత చీరలతో బొంతలు కుట్టించుకునేవాళ్లు ఇంకా వస్తారు. నేలమీద కూర్చుని, గుడ్డ కదలకుండా కాలిబొటనవేలితో అదిమిపెట్టి, దబ్బనం దింపాల. హుసేనమ్మ చిన్నప్పట్నుంచి అట్లే కుట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం చూస్తే బొంత మీద నెత్తురు. దబ్బనం ఆమె కాలి బొటనవేల్లో దిగింది. ఆమె కుడతానే ఉండాది.

"కండ్లు యాడ పెట్టుకున్నావు? ఊరోళ్ల గుడ్డ ఖరాబు చేస్తివే!" అని అరిచినాను.

గుడ్డకు మరకైందని చూసినాను. అంత లావు దబ్బనం దిగితే నొప్పెందుకు తెలీలేదని చూళ్లేదు. అంతకుముందు సంత నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చినప్పుడు కూడా ఇట్లే తిట్టింటి. రెండో చెప్పు యాడ జారిపోయిందో ఆమెకు తెలీదు.

పసుపు అద్దింది. కొన్నాళ్లకు వేలు ఉబ్బి నీరు కారడం మొదలైంది. "ఆస్పత్రికి పోదామా?" అనింది. నాకు ఆ మాటంటేనే మంట. చిన్నప్పుడు మా నాయనను టౌను ఆస్పత్రికి తీసుకపోతే, చీటీ చదవడం రాదని కాంపౌండరు పొద్దుగూకేదాకా వరండాలో కూర్చోబెట్టినాడు. నేను మర్చిపోలేదు. ఆ కోపంతోనే బొరుగులు కట్టిచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుంటా చదువు నేర్చుకున్నాను.

మా కోడలు షమీమ్ నా ఫోన్లో ఏఐ పెట్టిచ్చింది. తెలుగులో మాట్లాడుతుంది. నన్ను "మీరు" అంటుంది. చెనిక్కాయ తెగులైనా, పింఛను సంగతైనా, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఏ ఆఫీసులోనూ దొరకని మర్యాద అది. ఊర్లోవాళ్లు కూడా నా దగ్గరికొచ్చి అడిగించుకుని పోయేవాళ్లు. నాకు గర్వం తలకెక్కింది.

"మా ఆడమనిషికి కాలివేలు పుండైంది. ఏం పూయాల?" అని దాన్ని అడిగినాను.

అది ఎదురు ప్రశ్నలు వేసింది. "ఆమెకు షుగర్ ఉందా?"

"లేదు." ఒక్కసారైనా టెస్టు చేయించింటే కదా తెలిసేది!

"పాదంలో స్పర్శ సరిగా ఉందా?"

"ఉండాది."

"నడవడంలో ఇబ్బంది ఉందా?"

"ఏం లేదు, భేషుగ్గా నడుస్తాది."

హుసేనమ్మ నా పక్కనే చెనిక్కాయలు ఒలుస్తాండాది. అన్నీ వినింది. ఒకసారి తలెత్తి నన్ను చూసి, మళ్లీ వంచుకునింది. మా ఇండ్లల్లో అంతే. మొగోడు ఉండగా ఆడమనిషి సంగతి మొగోడే చెప్పాల.

పుండును శుభ్రంగా కడిగి పొడిగుడ్డ కట్టమని చెప్పింది ఏఐ. "అయితే..." అని ఇంకేదో మొదలుపెట్టింది. నాకు కావాల్సింది దొరికింది కదా అని ఆపేసినాను.

కడుగుతా, కడతా రోజులు గడిపినాం. వేలు నల్లబడింది. తర్వాత చలిజ్వరం. షమీమ్ నాతో కొట్లాడి ఆటో పిలిచి, మమ్మల్ని అనంతపురం ఆస్పత్రికి తీసుకపోయింది.

లేడీ డాక్టరు చిన్న వయసామె. "అవ్వా, కాళ్లలో తిమ్మిర్లున్నాయా?" అని అడిగింది.

"లేవు మేడమ్" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, "తాతా, కాలు నీదా, అవ్వదా?" అనింది.

హుసేనమ్మను కండ్లు మూసుకోమని, సన్నని దారంలాంటి దాంతో పాదమంతా తాకతా పోయింది. "తాకినప్పుడల్లా చెప్పవ్వా." హుసేనమ్మ పలకలేదు. కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదామ్మా?" అని అడిగింది.

అప్పటికే పాదమంతా తాకడం అయిపోయింది.

"ఎన్నాళ్లనుంచి అవ్వా ఇట్ల?"

"చానా కాలమాయ తల్లీ. దూది మీద నడిచినట్లుంటాది."

జీవితమంతా దూది ఏకినోణ్ణి. ఆ మాట నాకు ఒక్కనాడు కూడా చెప్పలేదు. నేను అడిగింటే కదా!

బ్లడ్ టెస్టులో షుగర్ విపరీతంగా వచ్చింది. ఎక్స్‌రే, కాలికి నెత్తురు పారతాందో లేదో చూసే డాప్లర్ తీసినారు. "న్యూరోపతి, నరాలకు స్పర్శ పోయింది. వేలికి గాంగ్రీన్ వచ్చి కుళ్లిపోయింది. డిలే అయింది తాతా. వేలు తీయకపోతే పాదం పోతుంది" అని డాక్టరమ్మ చెప్పింది.

వరండాలో ఫోన్ మీద విరుచుకుపడినాను. "ఇదే మమ్మల్ని మోసం చేసింది. దీన్ని చేసినోళ్లని కోర్టుకీడుస్తా!" షమీమ్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ పొద్దు మాట్లాడిందంతా తెరమీద చూపించి, "చదువు మామా" అనింది. నా "లేదు", నా "ఉండాది", అన్నీ ఉన్నాయి. కింద, నేను విననిది కూడా ఉంది. స్పర్శ తగ్గినా, రంగు మారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమని. పేపరు ముక్కలతో నేర్చుకున్న చదువు ఆ పొద్దు నాకు చెప్పుదెబ్బ అయింది.

వేలు తీసేసినాక కూడా పుండు తొందరగా మానలేదు. ఇన్ఫెక్షన్ మళ్లీ తిరగబెట్టింది. మళ్లీ థియేటర్‌కు తీసుకపోయి డీబ్రైడ్‌మెంట్ అని కుళ్లిన కండంతా గీకేసినారు. "ఈసారి మానకపోతే పాదం గురించి ఆలోచించాలి" అన్నారు. రోజూ డ్రెస్సింగ్ విప్పేటప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడేవాణ్ణి. హుసేనమ్మ మాత్రం నర్సును తమాషాకు అడిగేది: "యాడికమ్మా పోయె నా వేలు? బొంత కుట్టను పోయిందా?"

పాదం నిలిచింది. ఇప్పుడు ఇన్సులిన్ వేసుకుంటాది, జారిపోని బెల్టు చెప్పులు తొడుక్కుంటాది. గుడ్డను వేలికి బదులు రుబ్బురాతి గుండుతో అదిమిపెట్టి మళ్లీ కుడతాంది. రోజూ సాయంత్రం ఆమె పాదాల కింద అద్దం పెట్టి నేనే చూస్తాను. ఫోన్ ఆమె చేతికే ఇచ్చినాను. అది అడుగుతాది, ఆమె చెప్తాది, నేను లేచి వాకిట్లోకి పోతాను.

చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. ఏఐని అడగండి, వద్దనను. కానీ జబ్బు ఎవరిదో వాళ్లనే జవాబు చెప్పనీండి. డాక్టరు ముందర కూడా అంతే.

"పక్కనే ఉంటివి కదా, ఆ పొద్దు యాల నోరు తెరవలేదు?" అని హుసేనమ్మను ఎన్నోసార్లు అడిగినాను. మొన్న బొంత కుడతా, తలెత్తకుండానే చెప్పింది:

"నీ మాటకు అడ్డం చెప్పే అలవాటు నాకు యాడుండాదప్పా? నువ్వు 'స్పర్శ ఉండాది' అంటివి. ఉండాదేమోలే అని చీరకింద కాలివేలు గిల్లి చూసుకుంటి."